కష్టాల్లో ఉన్న జట్టుకి వచ్చే సీజన్‌లో ఎన్ని పాయింట్లు? వాదనకి దిగే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఆగస్టు మొదటి వారంలో ప్రతి ఫుట్‌బాల్ అభిమానీ ఆశావాదే. ఒక్క మ్యాచ్ ఆడలేదు కాబట్టి ఒక్కటీ ఓడలేదు. కొత్త స్ట్రైకర్ జెర్సీ పట్టుకుని ఫొటో దిగాడు, ప్రీసీజన్‌లో ఎవరి మీదో నాలుగు గోల్స్ కొట్టారు. ఇక వాట్సాప్ గ్రూపులో ఒకడు 'ఈసారి టాప్ ఫోర్ ఖాయం' అంటాడు, ఇంకొకడు 'కిందకి పోకుండా ఉంటే చాలు' అంటాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇద్దరి చేతిలోనూ లెక్క లేదు కాబట్టి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళు గెలుస్తారు.

ఈ వాదనని అంకెల మీదికి తేవడానికి గంటన్నర చాలు. కావలసినవి: గత రెండు సీజన్ల పట్టికలు (గెలుపు, డ్రా, ఓటమి, కొట్టిన గోల్స్, తిన్న గోల్స్ అన్నీ ఉండాలి), నిరుటి 38 మ్యాచ్‌ల స్కోర్లు తేదీలతో సహా, జట్టులో వచ్చినవాళ్ళ, పోయినవాళ్ళ జాబితా, ఒక నోటుబుక్కు. ఉదాహరణకి ఇక్కడ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌ని తీసుకుంటున్నాం. 2024-25లో 15వ స్థానంలో ముగిసి, 2025 వేసవిలో అభిమానులు రెండుగా చీలిపోయిన జట్టు అది. తెలుగునాట ఆ ఎర్ర జెర్సీ వేసుకునేవాళ్ళకి కొదవ లేదు కాబట్టి ఈ లెక్క చాలామందికి సొంతింటి లెక్కే.

ముందు గీతలు గీసుకోండి

'బాగా ఆడతారు' అన్నది వాదన కాదు. ఎన్ని పాయింట్లు, ఆ పాయింట్లకి ఏ స్థానం? ఇది తేలకుండా మొదలుపెడితే మే నెలలో ఇద్దరూ 'నేను ముందే చెప్పా' అంటారు.

ప్రీమియర్ లీగ్‌కి మూడు గీతలు చాలు. మొదటిది బతికి బయటపడే గీత: 20 జట్లలో చివరి మూడు కింది లీగ్‌కి పోతాయి (గెలుపుకి 3 పాయింట్లు, డ్రాకి 1). 40 పాయింట్లు కావాలని అందరూ అనే మాట పాతబడింది. 2002-03లో వెస్ట్ హామ్ 42 పాయింట్లతో కూడా కిందకి పోయింది నిజమే, కానీ 2023-24లో 18వ స్థానంలోని లూటన్‌కి వచ్చినవి 26, మరుసటి ఏడు లెస్టర్‌కి 25. 2022-23లో ఎవర్టన్ 36తో గట్టెక్కింది. కాబట్టి 36 దగ్గర గీత గీస్తే భద్రంగా గీసినట్టే. రెండోది పట్టికలో పై సగం: 2024-25లో పదో స్థానంలోని బ్రెంట్‌ఫర్డ్‌కి 56. మూడోది చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ): ఆ ఏడు ఐదో స్థానానికి కూడా చోటు దక్కింది, న్యూకాజిల్ 66 పాయింట్లతో వెళ్ళింది. అవే 66 పాయింట్లున్న ఆస్టన్ విల్లా గోల్ తేడాలో (కొట్టినవాటిలోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది) వెనకబడి ఆగిపోయింది.

స్థానాన్ని వదిలి గోల్ తేడాని పట్టుకోండి

మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చే అడుగు ఇదే. పాయింట్లలో అదృష్టం పాలు చాలా ఉంటుంది. 93వ నిమిషంలో పోస్టుకి తగిలి లోపలికి పోయిన బంతి ఒక్కటే రెండు పాయింట్లు మార్చేస్తుంది. గోల్ తేడాలో అదే బంతి ఒక్క గోల్ మాత్రమే. అందుకే వచ్చే ఏడాదిని అంచనా వేయడానికి నిరుటి పాయింట్ల కన్నా నిరుటి గోల్ తేడా నమ్మదగినది.

సూత్రం తేలిక. గోల్ తేడా సున్నా ఉన్న జట్టుకి 38 మ్యాచ్‌లలో సుమారు 52 పాయింట్లు వస్తాయి. అక్కడినుంచి పైకి పోయే ప్రతి మూడు గోల్స్‌కి రెండు పాయింట్లు కలపండి, కిందకి పోయే ప్రతి మూడింటికి రెండు తీసేయండి. 2024-25 పట్టిక మీద పరీక్షించి చూడండి. సౌతాంప్టన్ గోల్ తేడా మైనస్ 60, సూత్రం ప్రకారం 12 రావాలి, వచ్చినవీ 12. వుల్వ్స్ మైనస్ 15, సూత్రం 42, వచ్చినవి 42. ఆర్సెనల్ ప్లస్ 35, సూత్రం 75, వచ్చినవి 74. మొత్తం 20 జట్లలో 18 జట్లకి ఈ సూత్రం 5 పాయింట్లలోపే తప్పుతుంది.

తప్పిన రెండింటిలో ఒకటి విల్లా: 57 అనుకుంటే 66 తెచ్చుకుంది. రెండోది టోటెన్‌హామ్, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఇప్పుడు యునైటెడ్. 2024-25లో 11 గెలుపులు, 9 డ్రాలు, 18 ఓటములు. కొట్టినవి 44, తిన్నవి 54. గోల్ తేడా మైనస్ 10, సూత్రం ప్రకారం 45 రావాలి. వచ్చినవి 42. అంటే అదృష్టం మూడు పాయింట్లు మాత్రమే ఎగ్గొట్టింది. 'మాకు దురదృష్టం' అనే అభిమాని వాదన ఇక్కడే వీగిపోతుంది.

అసలు సంగతి అంతకుముందు ఏడాదిలో ఉంది. 2023-24లో యునైటెడ్ 60 పాయింట్లతో 8వ స్థానం, పైగా ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ కప్పు) గెలుపు. కానీ కొట్టినవి 57, తిన్నవి 58. గోల్ తేడా మైనస్ 1, అంటే సూత్రం ఇచ్చేది 51. ఆ 60లో 9 పాయింట్లు అప్పు తెచ్చుకున్నవే. 2024 ఆగస్టులో 60 దగ్గర లెక్క మొదలుపెట్టినవాళ్ళకి ఆ తర్వాతి పతనం పిడుగులా తగిలింది. 51 దగ్గర మొదలుపెట్టినవాళ్ళకి మెట్టు జారినట్టే అనిపించింది, కొండ మీదినుంచి పడ్డట్టు కాదు.

ఒక్క సీజన్‌నే నమ్మకండి. రెండు సీజన్ల సూత్రం అంకెలు తీసుకుని దగ్గరి ఏడాదికి రెండు వంతులు, దూరపు ఏడాదికి ఒక వంతు ఇవ్వండి. యునైటెడ్‌కి 45ని రెండుసార్లు, 51ని ఒకసారి కూడి మూడుతో భాగిస్తే 47. మీ నోటుబుక్కులో మొదటి అంకె ఇది.

ఇండియన్ సూపర్ లీగ్ జట్టుకైతే 52ని అలాగే వాడకండి. మ్యాచ్‌ల సంఖ్యని 1.37తో హెచ్చించండి: 24 మ్యాచ్‌లకి 33, 22 మ్యాచ్‌లకి 30. మూడు గోల్స్‌కి రెండు పాయింట్ల వాటా మాత్రం మారదు.

అట్టడుగు మూడు జట్లని తీసేసి మళ్ళీ కూడండి

చాలామంది చేయని అడుగు ఇది, కానీ జట్టు గుట్టంతా ఇక్కడే బయటపడుతుంది. కిందకి పోయిన మూడు జట్లతో ఆడిన ఆరు మ్యాచ్‌లని విడిగా రాయండి.

యునైటెడ్‌కి అవి ఇవి: సౌతాంప్టన్ మీద 3-0, 3-1. లెస్టర్ మీద 3-0, 3-0. ఇప్స్విచ్‌తో 1-1, 3-2. ఐదు గెలుపులు, ఒక డ్రా, 16 పాయింట్లు. కొట్టినవి 16, తిన్నవి 4.

మిగతా 17 జట్ల మీద ఏం మిగిలిందో చూడండి: 32 మ్యాచ్‌లు, 26 పాయింట్లు, కొట్టినవి 28, తిన్నవి 50. గోల్ తేడా మైనస్ 22. మ్యాచ్‌కి ఒక గోల్ కూడా కొట్టలేని దాడి ఇది. మైనస్ 10 అని పట్టికలో కనిపించిన అంకె మీద పైపూత ఎంత ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇందులో ఒక జాగ్రత్త. ఆ మూడు జట్లనీ అందరూ దంచారు కాబట్టి ఈ 16 పాయింట్లని అదృష్టంగా లెక్కకట్టి తీసేయకూడదు. అడగాల్సింది వేరే ప్రశ్న: వచ్చే ఏడాది పైకి వస్తున్న మూడు జట్లు అంతే మెత్తగా ఉంటాయా? 2023-24లోనూ, 2024-25లోనూ పైకి వచ్చిన మూడుకి మూడూ అదే ఏడు కిందకి పోయాయి. ప్రతిసారీ అలా జరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. 2025 వేసవిలో వచ్చినవి లీడ్స్, బర్న్‌లీ, సండర్‌లాండ్. అవి కాస్త గట్టిగా నిలబడతాయనుకుంటే ఆ ఆరు మ్యాచ్‌ల నుంచి 16 బదులు 12 లేదా 13 రాసుకోవాలి.

ఇంట్లో ఓడిన మ్యాచ్‌లని విడదీయండి

సొంత మైదానం, బయటి మైదానం అని రెండు వరసలు రాయండి. యునైటెడ్ ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో 7 గెలిచింది, 3 డ్రా చేసుకుంది, 9 ఓడింది. ఆ తొమ్మిదిలో ఏడింట్లో ఒక్క గోల్ కూడా కొట్టలేదు: లివర్‌పూల్, టోటెన్‌హామ్, బోర్న్‌మౌత్, న్యూకాజిల్, క్రిస్టల్ ప్యాలెస్, వుల్వ్స్, వెస్ట్ హామ్. ఈ జాబితాలో పెద్ద జట్ల కన్నా మధ్యరకం జట్లే ఎక్కువని గమనించండి.

అలాంటి మ్యాచ్‌లలో బంతి మీ దగ్గరే ఉంటుంది, అవతలివాళ్ళు పది మంది వెనక కూర్చుంటారు, మీరు గోడకి బంతి కొడుతూ ఉంటారు, 70వ నిమిషంలో ఒక్క కౌంటర్‌తో (ఎదురుదాడితో) గోల్ తింటారు. ఇలాంటి జట్టుకి కావలసింది ఇరుకులో బంతి తిప్పగలవాళ్ళు, బాక్సులో నిలబడి ముగించేవాళ్ళు, వెనక కౌంటర్‌ని ఆపగల మిడ్‌ఫీల్డర్. 'గ్రౌండ్‌లో ఊపు లేదు, అభిమానులు మూగబోయారు' అనేది ఆ తర్వాతి మాట.

కోచ్ మారిన సీజన్‌ని ముక్కలు చేయడం, అందులో పొరపాట్లు

యునైటెడ్ 2024-25 మూడు ముక్కలు. కోచ్ ఎరిక్ టెన్ హాగ్ కింద 9 మ్యాచ్‌లకి 11 పాయింట్లు. అక్టోబరు 28న ఆయన్ని తీసేశాక తాత్కాలిక కోచ్‌గా వాన్ నిస్టెల్‌రోయ్ చూసుకున్న 2 మ్యాచ్‌లకి 4. నవంబరులో వచ్చిన రూబెన్ అమొరిమ్ కింద 27 మ్యాచ్‌లకి 27.

దీన్ని పట్టుకుని ఒక వర్గం 'మ్యాచ్‌కి ఒక పాయింటు, 38 మ్యాచ్‌లకి 38, ఈసారి ఖాయంగా కిందకే' అంటుంది. లెక్కలో తప్పు లేదు, తీర్పులో ఉంది. మార్చి 16న లెస్టర్‌ని కొట్టాక లీగ్‌లో వరసగా 8 మ్యాచ్‌లు గెలవలేదు, ఆ ఎనిమిదింటి నుంచి వచ్చినవి 2 పాయింట్లు. అదే సమయంలో జట్టు గురువారాలు జరిగే యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల రెండో అంచె పోటీ) మీదే ఆశలు పెట్టుకుంది, ముఖ్యులని గురువారాలకి దాచి ఆదివారాలు కుర్రాళ్ళని దింపింది. మే 21న బిల్బావోలో టోటెన్‌హామ్ చేతిలో ఫైనల్ 1-0తో పోయింది కాబట్టి ఆ త్యాగానికి ఫలం కూడా దక్కలేదు. ఆ ఎనిమిదీ తీసేస్తే అమొరిమ్ లెక్క 19 మ్యాచ్‌లకి 25. అదీ గొప్పేమీ కాదు, 38కి సాగదీస్తే 50.

అయితే మనకి నచ్చని మ్యాచ్‌లని మాత్రమే తీసేసే అలవాటు చెడ్డది. తీసేయడానికి కారణం మైదానం బయట ఉండాలి (కప్పు కోసం జట్టుని మార్చడం, ఒకేసారి నలుగురికి గాయాలు). ఓటమి బాధగా ఉంది కాబట్టి తీసేస్తాను అంటే కుదరదు. ఇంకో నియమం: 10 మ్యాచ్‌ల కన్నా చిన్న ముక్కని సాగదీయకండి. వాన్ నిస్టెల్‌రోయ్ 2 మ్యాచ్‌ల లెక్కని 38కి సాగదీస్తే 76 వస్తుంది, ఆయన్ని ఎందుకు వదులుకున్నారని ఏడవాల్సి వస్తుంది.

ఎక్స్‌జీ ఎక్కడ వాడాలి

ఎక్స్‌జీ అంటే ఒక్కో షాట్ గోల్ అయ్యే అవకాశాన్ని అంకెగా వేసి కూడినది. పెనాల్టీ విలువ సుమారు 0.78, బాక్సు బయటినుంచి మామూలు షాట్ విలువ 0.05 కన్నా తక్కువే ఉండొచ్చు. అండర్‌స్టాట్ అనే వెబ్‌సైట్‌లో ఐదు పెద్ద యూరప్ లీగ్‌ల జట్లకి ఇది దొరుకుతుంది.

దీనితో చేయాల్సింది ఒకటే: మీ జట్టు కొట్టిన గోల్స్ ఎక్స్‌జీ కన్నా ఎంత తక్కువ, తిన్నవి ఎంత ఎక్కువ అని చూడడం. సీజన్ మొత్తం మీద 8 నుంచి 10 గోల్స్ తేడా ఉంటే అందులో చాలా భాగం మరుసటి ఏడు పూడుతుంది. పూర్తిగా పూడుతుందని మాత్రం అనుకోకండి. ముగించడం రాని స్ట్రైకర్‌తోనే మళ్ళీ దిగితే అదృష్టం ఏం చేస్తుంది? తిన్న గోల్స్‌లో తేడా పెద్దగా ఉంటే గోల్‌కీపర్ మారాడా లేదా చూడండి. పెనాల్టీలని ముందే పక్కన పెట్టండి, లేకపోతే ఏడాదిలో పది పెనాల్టీలు దొరికిన జట్టు దాడి అసలుకన్నా పదునుగా కనిపిస్తుంది. ఒక్క మ్యాచ్ ఎక్స్‌జీతో వాదించేవాడితో మాత్రం వాదించకండి.

కొత్త ఆటగాళ్ళ గోల్స్‌ని కూడడం

అభిమానులు అందరూ చేసే తప్పు ఇది. 2025 వేసవిలో యునైటెడ్ దాడికి ముగ్గురిని కొన్నది: వుల్వ్స్ నుంచి మథేయుస్ కున్యా (నిరుడు లీగ్‌లో 15 గోల్స్), బ్రెంట్‌ఫర్డ్ నుంచి బ్రయాన్ ఎంబ్యుమో (20), లైప్‌జిగ్ నుంచి బెంజమిన్ షెష్కో (బుండెస్‌లీగాలో 13). ముగ్గురికీ కలిపి బోనస్‌లు కాకుండానే 19 కోట్ల పౌండ్ల పైమాట. 15, 20, 13 కూడితే 48. పాత 44కి కలిపితే 92, ఇక టైటిల్ మనదే!

కూడిక ఎందుకు చెల్లదంటే, మైదానంలో బంతి ఒక్కటే, చోట్లు పదకొండే. కొత్తవాడు దిగిన చోట పాతవాడు దిగిపోతాడు, వాడి గోల్స్ కూడా దిగిపోతాయి. బ్రెంట్‌ఫర్డ్‌లో పెనాల్టీలు ఎంబ్యుమోవి, యునైటెడ్‌లో అవి బ్రూనో ఫెర్నాండెస్‌వి. వుల్వ్స్‌లో దాడి అంతా కున్యా చుట్టూ తిరిగేది, కొత్త చోట అతను ముగ్గురిలో ఒకడు. వేరే లీగ్ నుంచి వచ్చిన 22 ఏళ్ళ షెష్కోకి అలవాటు పడడానికి నెలలు పట్టొచ్చు.

లెక్క ఇలా వేయండి. వచ్చినవాళ్ళ గోల్స్ 48. పోయినవాళ్ళవి తీసేయండి: గర్నాచో 6, హోయ్‌లుండ్ 4, రాష్‌ఫర్డ్ 4, మొత్తం 14. మిగిలింది 34. దాన్ని మూడుతో భాగించండి: 11. మూడో వంతే ఎందుకని ఎవరైనా పట్టుబడితే సగం వేయమనండి, 17 వస్తుంది. అంతకుమించి ఇవ్వకండి. 11 గోల్స్ అంటే 7 పాయింట్లు, 17 అయితే 11. దాదాపు 20 కోట్ల పౌండ్లకి దొరికేది అంతే.

రక్షణకి, మిడ్‌ఫీల్డ్‌కి గోల్స్ లెక్క పనికిరాదు. అక్కడ నిమిషాలు లెక్కపెట్టండి. ఒక ఆటగాడికి లీగ్ మొత్తం 3,420 నిమిషాలు, పదకొండు మందికి 37,620. నిరుడు ఆడిన నిమిషాలలో ఎంత శాతం వాళ్ళు ఇంకా జట్టులో ఉన్నారు, వాళ్ళలో 30 దాటినవాళ్ళు ఎంతమంది? యునైటెడ్ ఆ వేసవిలో మిడ్‌ఫీల్డ్ మధ్యలోకి ఒక్కరినీ కొనలేదు. 33 ఏళ్ళ కాసెమిరో పక్కన బ్రూనో అనే జంటతోనే దిగింది. వెనక ముగ్గురు, మధ్యలో ఇద్దరే ఉండే 3-4-3లో ఆ ఇద్దరి మధ్య ఖాళీయే పైన చెప్పిన కౌంటర్ గోల్స్‌కి దారి. కాబట్టి తిన్న గోల్స్ అంకెలో మెరుగుదల రాయడానికి ఆగస్టులో ఆధారం లేదు. సెప్టెంబరు మొదట్లో ఆంట్వెర్ప్ నుంచి గోల్‌కీపర్ సెనె లామెన్స్ ఖరారయ్యాక కావాలంటే రెండు మూడు గోల్స్ తగ్గించుకోవచ్చు.

ఎన్ని మ్యాచ్‌లు ఆడాలి

2024-25లో యునైటెడ్ అన్ని పోటీలూ కలిపి 60 మ్యాచ్‌లు ఆడింది: లీగ్ 38, యూరోపా 15, ఎఫ్ఏ కప్ 3, లీగ్ కప్ 3, కమ్యూనిటీ షీల్డ్ 1. మరుసటి ఏడు యూరప్ పోటీలు లేవు. పైగా 2025 ఆగస్టు 27న నాలుగో అంచెలోని గ్రిమ్స్‌బీ చేతిలో పెనాల్టీలలో 12-11తో లీగ్ కప్ నుంచి బయటికి. నవ్వులపాలైన మాట నిజమే, కానీ కాళ్ళకి విశ్రాంతి దొరికింది.

ఇది చిన్న విషయం కాదు. 2015-16లో 10వ స్థానంలో 50 పాయింట్లతో ముగిసిన చెల్సీ యూరప్ లేని 2016-17లో 93 పాయింట్లతో టైటిల్ గెలిచింది. లివర్‌పూల్ 2012-13లో 61తో 7వ స్థానం, యూరప్ లేని మరుసటి ఏడు 84తో రెండోది. ఈ రెండిటినే ఎత్తిచూపి 'మాకూ అంతే' అనకండి. చెల్సీకి ఆ ఏడు ఎన్గోలో కాంటే వచ్చి మిడ్‌ఫీల్డ్ నింపాడు, కొత్త కోచ్ ఆంటోనియో కోంటే చెప్పినట్టు నడిచే జట్టుని తయారుచేశాడు. వారం మధ్యలో మ్యాచ్ లేకపోవడానికి 2 నుంచి 4 పాయింట్లు రాసుకోవడం సబబు.

ఇటు తీసేయాల్సిందీ ఉంది. ఆఫ్రికా కప్ ఏడాదైతే ఎవరెవరు పోతారో చూడండి. 2025 డిసెంబరు 21న మొరాకోలో మొదలైన ఆ పోటీకి యునైటెడ్ నుంచి ఎంబ్యుమో, అమద్ డియాలో, మజ్రావి వెళ్ళారు. ఒక పాయింటు కోసేయండి.

సూత్రం ఎక్కడ దగా చేస్తుంది

టోటెన్‌హామ్ దగ్గరికి వద్దామన్నాం. 2024-25లో కొట్టినవి 64, తిన్నవి 65. గోల్ తేడా మైనస్ 1, సూత్రం 51. వచ్చినవి 38, స్థానం 17. చూడగానే ఇది దురదృష్టపు జట్టు, వచ్చే ఏడు 13 పాయింట్లు వాటంతటవే వెనక్కి వస్తాయి అనిపిస్తుంది.

కానీ ఆ 64 గోల్స్ కొట్టిన జట్టు ఆగస్టుకల్లా లేదు. కోచ్ పోస్టెకోగ్లూ జూన్‌లో పోయి థామస్ ఫ్రాంక్ వచ్చాడు. సన్ హ్యుంగ్ మిన్ లాస్ ఏంజెలెస్‌కి వెళ్ళిపోయాడు. కులుసెవ్‌స్కీకి మే నెలలో మోకాలి ఆపరేషన్. సియోల్‌లో ప్రీసీజన్ మ్యాచ్‌లో మాడిసన్ మోకాలి లిగమెంటు తెగింది. గోల్ తేడా అన్నది దాన్ని తెచ్చిన కాళ్ళతో పాటే వెళ్ళిపోతుంది. అందుకే సూత్రం అంకె రాసిన పక్కనే గోల్స్‌లో, గోల్ పాస్‌లలో మొదటి ఐదుగురి పేర్లు రాసి, మొదటి రోజు మైదానంలో ఉండేవాళ్ళకి టిక్కు పెట్టండి. ముగ్గురికన్నా తక్కువ టిక్కులుంటే సూత్రం చూపిన లాభంలో మూడో వంతుకి మించి తీసుకోవద్దు.

ఇంకా పెద్ద దగా డబ్బు దగ్గర. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీలలో ఓడించి చాంపియన్ అయ్యింది, మరుసటి ఏడు పట్టికలో రెండోది. ఆ రెండు సీజన్ల గోల్ తేడాతో 2023-24ని అంచనా వేసినవాడు బోల్తా పడ్డాడు: 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు. కోచ్ మనోలో మార్కెజ్ గోవాకి వెళ్ళాడు, స్ట్రైకర్ ఒగ్బెచె వెళ్ళిపోయాడు, జీతాల బకాయిలు, ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం, జనవరికి మిగిలినవాళ్ళూ దారి చూసుకున్నారు. చివరికి 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. మన దేశపు క్లబ్బు మీద ఆశ పెట్టుకునే ముందు గోల్స్ కన్నా ముందు అడగాల్సినవి మూడు: జీతాలు వేళకి పడుతున్నాయా, కొత్తవాళ్ళని రిజిస్టర్ చేసుకునే హక్కు ఉందా, యజమాని ఈ ఏడాది చివరిదాకా ఉంటాడా. వీటిలో ఒక్కదానికి 'లేదు' వచ్చినా మిగతా లెక్క వేయడం కాలయాపన.

కూడి, తేదీ వేసి, దాచుకోండి

యునైటెడ్‌కి 2025 ఆగస్టు చివరి లెక్క: పునాది 47, కొత్త దాడికి 7, వారం మధ్య విశ్రాంతికి 3, ఆఫ్రికా కప్‌కి మైనస్ 1. మొత్తం 56. పైకి వచ్చిన జట్లు గట్టివనుకుంటే 53. 56కి అటూ ఇటూ 8 పాయింట్లు వదలండి, ఎందుకంటే గాయాలు, రెడ్ కార్డులు, వీఏఆర్ (వీడియో రిఫరీ) తీర్పులు ఎవరి చేతిలోనూ లేవు. అంటే 48 నుంచి 64. నిరుటి పట్టికలో పెడితే 13వ స్థానానికీ 8వ స్థానానికీ మధ్య. కిందకి పోతామన్న భయం అనవసరం, చాంపియన్స్ లీగ్ కావాలంటే 8 పాయింట్ల అంచుని కూడా దాటాలి.

కాగితం మీద తేదీ వేసి ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. తర్వాత మూడుసార్లే తెరవండి: 10, 19, 30 మ్యాచ్‌ల తర్వాత. మొదటి మూడు మ్యాచ్‌లకే మార్చేస్తే కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఉంటుంది. తెరిచినప్పుడు పాయింట్లని కాకుండా గోల్ తేడాని మ్యాచ్‌ల సంఖ్యతో భాగించి 38తో హెచ్చించి అదే సూత్రంలో పెట్టండి. అప్పటిదాకా ఆడిన ప్రత్యర్థులలో నిరుటి పై సగం వాళ్ళు ఎంతమందో పక్కన రాయండి. పది మ్యాచ్‌లలో ఏడు పెద్ద జట్లతోనే పడి ఉంటే కంగారు వద్దు.

మధ్యలో కోచ్ మారితే పాత కాగితం చెల్లదు. యునైటెడ్‌కి అదే జరిగింది: లీడ్స్‌తో 1-1 తర్వాత 2026 జనవరి 5న అమొరిమ్‌ని తీసేశారు. అప్పటికి 20 మ్యాచ్‌లకి 31 పాయింట్లు, ఆ వేగంతో 38కి 59. ఆగస్టు కాగితం చెప్పిన హద్దుల్లోనే ఉంది, 'టైటిల్' అన్నవాడూ 'పతనం' అన్నవాడూ ఇద్దరూ హద్దు బయటే ఉన్నారు. ఆ రోజు కొత్త పేజీ తీసి, మిగిలిన 18 మ్యాచ్‌లకి 18 రెట్లు 1.37, అంటే 25 దగ్గర మళ్ళీ మొదలుపెట్టాలి.